క్యారేజీతో తిరిగొచ్చే కబుర్లు

పదకొండు దాటేసరికి మా ఇంట్లో క్యారేజీ సర్దేవాళ్ళం. అడుగు గిన్నెలో అన్నం, దాని మీద కూర, ఆపైన పులుసో చారో, అన్నిటికన్నా పైన పెరుగు. గిన్నెలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి కడ్డీ బిగించడం నా పని. అది పట్టుకుని గుడి వీధిలో ఉన్న మా కొట్టుకి వెళ్ళడం మా అత్తయ్య వెంకటరత్నమ్మ గారి పని. ఇప్పుడు చిట్టియ్య వచ్చి పట్టుకెళ్తున్నాడు. మా కొట్లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి. సైకిలు గుమ్మం ముందు ఆపి "అమ్మగారూ, క్యారేజీ" అంటాడు. అందిస్తాను. వెళ్ళిపోతాడు. అన్నం వేళకే చేరుతుంది. అత్తయ్య పట్టుకెళ్ళినప్పటికన్నా వేడిగానే చేరుతుంది. మా ఆయన తింటారు. రాత్రి కొట్టు కట్టేశాక ఖాళీ క్యారేజీ స్కూటరుకి తగిలించుకుని తెస్తారు. అందులో ఎంగిలి గిన్నెలు తప్ప ఇంకేమీ ఉండవు.

అత్తయ్య ఉన్నప్పుడు ఖాళీ క్యారేజీ మధ్యాహ్నమే వచ్చేసేది, ఆవిడతోపాటే. దాంతో కబుర్లు కూడా వచ్చేవి.

ఆవిడ పుట్టింది కరప దగ్గర ఒక పల్లెటూళ్ళో. పిఠాపురం కోడలిగా వచ్చేనాటికి పమిట నిలుపుకోవడం కూడా తెలియదని చెప్పుకుని నవ్వేది. మామగారిది పసుపు, కుంకుమ, కర్పూరం, కొబ్బరికాయల వ్యాపారం. గుడికి వచ్చే యాత్రికులే బేరాలు. ఆయన మాట్లాడే మనిషి కాదట. బేరం వచ్చినప్పుడు తప్ప నోరు విప్పేవారు కాదట. కొడుకుతో చెప్పాల్సింది కూడా అత్తయ్యకి చెప్పి, ఆవిడ చేత చెప్పించేవారు. కొడుకు అడగాల్సిందీ ఆవిడ ద్వారానే వెళ్ళేది. అలా పెరిగిన కొడుకే మా ఆయన, కుక్కుటేశ్వరరావు గారు. నా పెళ్ళయిన కొత్తలో, నాకు చీర కొనాలన్నా ఆయన వాళ్ళమ్మకి చెప్పేవారు. ఆవిడ వచ్చి నాతో అనేది, "బుజ్జమ్మా, వాడికి నీలం రంగు ఇష్టంట. నీతో చెప్పడానికి సిగ్గుట." నేను నీలం రంగు చీరే కట్టుకునేదాన్ని.

ఎండాకాలంలో కూడా ఆవిడ ఆటో ఎక్కేది కాదు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో క్యారేజీ. దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఒక మాట. వీధిలో పిల్లలు "క్యారేజీ మామ్మగారు" అనేవాళ్ళు. కొట్టుకెళ్ళాక కొబ్బరికాయల బస్తాల పక్కన పీట వేసుకుని కూర్చునేది. కొడుకు తిన్నంతసేపూ అక్కడే ఉండి, గిన్నెలు కడిగించి, తిరుగు దారి పట్టేది.

మాకు ఒక్కతే పిల్ల, లక్ష్మీప్రసన్న. చిన్నప్పుడు సెలవలిస్తే చాలు, మామ్మ వేలు పట్టుకుని కొట్టుకి వెళ్ళిపోయేది. వాళ్ళ నాన్న పక్కన కూర్చుని కుంకం పొట్లాలు కట్టేది. కొట్లో గాజు సీసాల మీద పచ్చకర్పూరం, వక్కలు, గుగ్గిలం అని కాగితాలు అతికించి ఉంటాయే, అవన్నీ అది రాసినవే. ఏడో తరగతి సెలవల్లో కూర్చుని రాసింది. ఆ సెలవల్లోనే పెద్దమనిషి అయింది.

ఆ ఫంక్షను అయిన మర్నాడు అత్తయ్య కొడుకుని పిలిచి చెప్పింది. నేను పక్కనే పూలు సర్దుతున్నాను.

"ఒరేయ్, పిల్ల పెద్దదైంది. ఇంక కొట్లో కూర్చోబెట్టుకోవడాలూ, ఒళ్ళో పెట్టుకోవడాలూ బాగోదు. ఆడపిల్లకి తండ్రి కాస్త ఎడంగా ఉంటేనే అందం. ఏదైనా ఉంటే నాతో చెప్పు, నేను చెప్తాను."

ఆయన తల ఊపారు. ఆయనకి అది తెలిసిన పద్ధతే. ఆ రోజు నుంచి పిల్లతో నేరుగా మాట్లాడటం మానేశారు. కోపం కాదు, ఏమీ కాదు. పిల్ల ఎదురుగా ఉండగానే "బస్సు వేళైంది, దాన్ని చూసుకోమను" అని ఇటు తిరిగి చెప్పేవారు. పిల్లని మెచ్చుకోవడం అసలే లేదు. ఎదుట పొగిడితే ఆయుక్షీణమని మా ఇంట్లో అందరికీ నమ్మకం.

ఆ లోటంతా అత్తయ్య పూడ్చేది. ఎడంగా ఉండమన్నదీ ఆవిడే, ఆ ఎడంలో రోజూ ఇటూ అటూ తిరిగిందీ ఆవిడే. సాయంత్రం పిల్ల స్కూలు నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే మొదలుపెట్టేది.

"ఏమేవ్, మీ నాన్న ఇవాళ కొట్లో ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నారు?"

"ఎవరో యాత్రికులావిడ వచ్చి, మా అమ్మాయి రాత ముత్యాలండీ అందిట. వీడు పొట్లం కడుతూ కడుతూ తలెత్తి, ఈ సీసాల మీద రాత ఎవరిదనుకున్నారు అన్నాట్ట. ఆవిడ, అచ్చు వేయించారేమో అందిట. వీడికి మీసం కింద నవ్వు ఆగలేదు."

"నాన్న అలా అన్నారా? నాతో ఎప్పుడూ అనరే."

"నీతో అంటే దిష్టి కొట్టదూ? నాతో అన్నాడు, చాలదా?"

దానికి చాలేది. మార్కులు తగ్గినప్పుడు కూడా, "మీ నాన్నకి చెప్పాను. పోనీలే, దానికి చలిజ్వరం వచ్చి తగ్గింది కదా అన్నాడు" అని చెప్పేది. పిల్ల ఊపిరి పీల్చుకుని టిఫిను తినేది.

పోయిన కార్తీకంలో అత్తయ్య గుడికెళ్ళి దీపం పెట్టి వచ్చి, కాస్త నడుం వాలుస్తానని పడుకుంది. మళ్ళీ లేవలేదు. నేను పుట్టింట్లో ఉన్నదానికన్నా ఆవిడ దగ్గర ఉన్నదే ఎక్కువ. ఇప్పటికీ బియ్యం కొలిచేటప్పుడు ఆవిడ గుప్పెడు కూడా వేసేస్తున్నాను. మిగిలిన అన్నం చూసినప్పుడు గుర్తొస్తుంది. ఆవిడ గొడుగు తలుపు వెనకాలే ఉంది. దుమ్ము దులపాలి. దులపలేదు.

దుఃఖంలో ఉండి పిల్ల సంగతి నాకు ముందు తెలియలేదు. ప్రసన్న ఇప్పుడు ఇంటరు రెండో సంవత్సరం, కాకినాడలో. కాలేజీ బస్సులో వెళ్ళొస్తుంది. మొదట అన్నం తగ్గించింది. తర్వాత రాత్రి వాళ్ళ నాన్న స్కూటరు చప్పుడు వినిపిస్తే చాలు, పుస్తకం మూసి గదిలోకి వెళ్ళిపోయేది. మామ్మ మీద బెంగ అనుకున్నాను. నాకూ అలాగే ఉంది కదా.

ఒక ఆదివారం మా ఆయన ఇంట్లో ఉండగా ఆయన ఫోను మోగింది, మెసేజీ. ఆయన చూశారు. మాట్లాడకుండా జేబులో పెట్టుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్ల మొహం పాలిపోయింది. తర్వాత నాతో అంది, "అమ్మా, అది కాలేజీ వాళ్ళ మెసేజీ. ఫిజిక్సు పోయింది నాకు. నాన్న ఏమైనా అన్నారా?"

ఆయన స్నానానికి వెళ్తూ నాతో ఒక మాట అనే ఉన్నారు. అదే చెప్పాను. "నిన్ను ఏమీ అనొద్దన్నారే."

అది వింటే కుదుటపడుతుందనుకున్నాను. అది నా వంక చూసి, "ఏమీ అనొద్దన్నారంటే, అనడానికి చాలా ఉందనేగా" అంది. ఆ రాత్రి తినలేదు.

సోమవారం బస్సు ఎక్కబోతూ రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. మంగళవారమూ అంతే. అరచేతులు చల్లగా చెమటలు. గుండె దడదడలాడుతోందని నా చెయ్యి తీసుకుని పెట్టుకునేది. తర్వాత బస్సు ఎక్కడమే మానేసింది. ముందున్నవి ప్రాక్టికల్ పరీక్షలు. అవి రాయకపోతే ఏడాది పోయినట్టే. నాకేమీ తోచక కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. స్కానింగు తీయించారు. లేడీ డాక్టరు చిన్నావిడే. పిల్లతో విడిగా మాట్లాడి, దాన్ని బయట కూర్చోబెట్టి నన్ను పిలిచింది.

"కడుపులో ఏమీ లేదండి. భయం. ఇంట్లో ఎవరంటే భయం ఈ అమ్మాయికి?"

"మా ఇంట్లో దాన్ని ఎవరూ ఏమీ అనరండి."

"అదేనండి, మంచో చెడో అసలేమైనా అంటారా అనే అడుగుతున్నాను."

ఆవిడ బిళ్ళలు రాసి, వాళ్ళ నాన్నగారిని ఒకసారి తీసుకురమ్మంది. ఆ రాత్రి ఆయనతో చెప్పాను. "కొట్టు వదిలి ఎలా వస్తాను? బిళ్ళలిచ్చారుగా. దాన్ని వేళకి వేసుకోమను" అన్నారు. పిల్ల పక్క గదిలోనే ఉంది. నేను వెళ్ళి, బిళ్ళ వేళకి వేసుకోమన్నారని చెప్పాను. సరే అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు చిట్టియ్యని రావద్దని చెప్పి, క్యారేజీ నేనే పట్టుకెళ్ళాను. ఆవిడ నడిచిన దారే. పిల్లకి ఒక మంచి మాట తెచ్చుకుందామని ఆశ. దారిలో ఇద్దరు ముగ్గురు పలకరించారు, "అయ్యో, నువ్వొస్తున్నావా అమ్మా ఇప్పుడు" అని. క్యారేజీ ఇంత బరువని నాకు తెలియదు. ఆ వయసులో ఆవిడ ఎలా మోసిందో.

కొట్లో ఆ పీట అక్కడే ఉంది. కూర్చున్నాను. ఆయన కంద బచ్చలి కూర కలుపుకుని తింటున్నారు. ఆయన వెనక సీసాలు వరసగా ఉన్నాయి. ప్రసన్న రాసిన కాగితాలు పసుపుపచ్చగా అయిపోయాయి. అంచులు లేవకుండా ఎవరో టేపు అతికించారు, ఒకటి కాదు, టేపు మీద టేపు.

నేను మెల్లిగా అడిగాను. "ఏవండీ, అత్తయ్య వచ్చినప్పుడు పిల్ల గురించి ఏం చెప్పేవారు మీరు?"

"నేనా? నేనేం చెప్తాను? నాకేం తెలుసు కొట్లో కూర్చుని. అమ్మే చెప్పేది."

"ఏం చెప్పేది?"

ఆయన ముద్ద ఆపారు. "ఏముంది. నాన్న ఎండలో కూర్చుంటున్నారు, మజ్జిగ తాగారో లేదో కనుక్కో మామ్మా అందనీ... నాన్నకి నడుం నొప్పి తగ్గిందా అని అడిగిందనీ... అవే."

చిట్టియ్య అటు పక్క నుంచి నవ్వాడు. "రోజూ అవే కదండీ. ఒకరోజు అమ్మగారు చెప్పడం మర్చిపోయి వెళ్ళిపోతుంటే, బాబుగారే పిలిచి, ఇవాళ ఏమీ అడగలేదా అన్నారు."

"నువ్వు ఆ బస్తా సంగతి చూడరా" అన్నారు ఆయన.

నేను అన్నం వడ్డిస్తూ తల దించుకున్నాను. ఆ ఏళ్ళన్నీ నేను ఇంట్లోనే ఉన్నాను. ప్రసన్న ఎప్పుడూ మజ్జిగ గురించి అడగలేదు. నడుం నొప్పి సంగతి దానికి తెలియనే తెలియదు. ఆవిడ ఇటు చెప్పినవీ అటు చెప్పినవీ దారిలోనే అల్లుకుంది. గొడుగు కింద, ఆ ఎండలో, ఒక్కతే.

ఆవిడ మీద కోపం రాలేదు. అలిసిపోయినట్టు అనిపించింది, అంతే. ఇంక ఎవరు అల్లుతారు?

ఇంటికొచ్చేసరికి ప్రసన్న మంచం మీదే ఉంది. క్యారేజీ దించుతుంటే తల ఎత్తింది. "కొట్టుకి నువ్వెళ్ళావా? నాన్న ఏమన్నారు?"

అత్తయ్యలా చెబుదామనుకున్నాను. "నువ్వు బాగా చదువుతావు, ఏం పర్లేదన్నారు" అన్నాను.

అది కాసేపు నన్నే చూసింది. "మామ్మ చెప్పినట్టు లేదమ్మా. నాన్న 'బాగా' అనరు." మళ్ళీ తల వాల్చింది. "మామ్మ చెప్తే నమ్మాలనిపించేది. నిజమో కాదో అడగబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు నాన్న మనసులో ఏముందో నాకేం తెలీట్లేదు. తిట్టినా బాగుండు. అప్పుడైనా తెలుస్తుంది."

గిన్నెలు తోముకుంటూ చాలాసేపు పెరట్లోనే ఉండిపోయాను. సీసాల మీద టేపు సంగతి చెబితే బాగుండేదని అప్పుడు తోచింది. కానీ అదీ నేను మోసుకొచ్చిన మాటే అవుతుంది. నమ్మదు.

మర్నాడు వంట మామూలుగానే చేశాను. దొండకాయ వేపుడు, ములక్కాడల చారు. క్యారేజీ మాత్రం సర్దలేదు. కడిగిన గిన్నెలు అరుగు మీద బోర్లించే ఉంచాను. చిట్టియ్య వచ్చి సైకిలు ఆపాడు.

"అమ్మగారూ, క్యారేజీ."

"ఇవాళ లేదు చిట్టియ్యా. బాబుగారిని ఇంటికొచ్చి తినమను."

"ఒంట్లో బాలేదా అండీ?"

"బానే ఉంది. వంట కూడా అయింది. రమ్మన్నానని చెప్పు."

వాడు బోర్లించిన గిన్నెల వంక చూసి, సైకిలు తిప్పాడు. కాసేపటికి ఫోను.

"ఏంటి, క్యారేజీ పంపలేదట?"

"పంపలేదండి."

"బేరాల వేళ. ఎలా వస్తాను?"

"ప్రసన్న నిన్నటి నుంచి ఏమీ తినలేదు. మీరొస్తే వడ్డిస్తాను ఇద్దరికీ."

అవతల ఎవరో కొబ్బరికాయ ఎంతండీ అని అడగడం వినిపించింది. ఫోను పెట్టేశారు. వస్తారో రారో నాకు తెలియలేదు. ఆకలితో ఉండిపోతారేమోనని ఒక మనసు. సర్దేద్దామా అని చెయ్యి గిన్నెల దాకా వెళ్ళింది.

స్కూటరు చప్పుడు వినపడగానే ప్రసన్న లేచి గదిలోకి వెళ్ళబోయింది. "కూర్చో, కంచం పెట్టాను" అన్నాను. కూర్చుంది. చేతులు చున్నీలో చుట్టుకుంది. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి, రెండు కంచాలు ఎదురెదురుగా ఉండటం చూసి ఒక్క క్షణం ఆగారు. కూర్చున్నారు. వడ్డించాను. పిల్ల అన్నం కెలుకుతోంది. ఆయన నా వంక తిరిగారు.

"దాన్ని తినమను."

నేను చారు గిన్నె గరిటెతో కలుపుతూ ఉండిపోయాను.

"నీకే చెప్తున్నా. దాన్ని తినమను."

"ఎదురుగానే ఉంది కదండీ" అన్నాను. చారు గిన్నె అక్కడే వదిలి వంటింట్లోకి వెళ్ళిపోయాను. గుమ్మం పక్కన నిలబడ్డాను.

ఫాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను చేసింది తప్పేమో, పిల్ల లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. తర్వాత ఆయన గొంతు, బేరగాళ్ళతో మాట్లాడే గొంతు కాదు.

"చారు పోసుకో. వేపుడుతో అయితే దిగదు."

ప్రసన్న చారు పోసుకున్న చప్పుడు. అప్పుడు అది అడిగేసింది.

"నాన్నా, ఆ ఆదివారం మెసేజీ చూసి మీరేమనుకున్నారు?"

"ఏ మెసేజీ?"

"కాలేజీ వాళ్ళది. నా మార్కులు. చూసి జేబులో పెట్టుకున్నారు."

"అదా." ఆయన గుర్తుచేసుకుంటున్నట్టున్నారు. "నా కళ్ళజోడు కొట్లో ఉంటుంది కదే. ఇంట్లో ఫోను మోగితే ఎవరైనా మాట్లాడతారేమో చూసి, లేకపోతే జేబులో పెట్టుకుంటాను. అందులో ఏముందో నాకెలా తెలుస్తుంది?"

"మరి నన్నేమీ అనొద్దని అమ్మతో అన్నారుట?"

"మామ్మ పోయిన దగ్గర్నుంచీ నువ్వు తినట్లేదు కదా. మీ అమ్మ కేకలేస్తుందేమోనని."

గుమ్మం పక్కన నిలబడి నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అది నవ్వో ఏడుపో నాకూ తెలియదు.

"ఫిజిక్సు పోయింది నాన్నా." "ల్యాబులో చేతులు వణుకుతాయి. బస్సు ఎక్కాలంటే కడుపులో తిప్పేస్తుంది. ప్రాక్టికల్స్ రాయలేనేమో అనిపిస్తోంది. మీరేమంటారో అని..."

"నేనేమంటాను?" అన్నారు. మళ్ళీ, మెల్లిగా, "ఏమనాలో నాకు రాదు. మా నాన్నా నాతో ఏమీ అనేవారు కాదు. ఆయన కొట్లో అడుగుపెడితే నాకూ తూకం చెయ్యి వణికేది."

తర్వాతి మాటలు సరిగ్గా వినపడలేదు. ఆయన డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడు రమ్మన్నారో అడిగారు. అది ఏదో చెప్పింది. మజ్జిగ తాగారా నాన్నా అంది, లేదన్నారు. నేను కదల్లేదు. కాసేపయ్యాక తొంగి చూశాను. తినడం అయిపోయింది. ఇద్దరూ లేవలేదు. ఆయన కంచంలో వేలితో మెతుకులు ఒక పక్కకి జరుపుతూ అంటున్నారు.

"సీసాల మీద కాగితాలు చిరిగిపోతున్నాయి. ఎన్నిసార్లు టేపు వేసినా ఉండట్లేదు. కొత్తవి రాసి పెట్టాలి నువ్వు."

"ప్రాక్టికల్స్ అయ్యాక రాస్తాను" అంది ప్రసన్న. అని, తను అన్నమాట తనకే కొత్తగా వినపడినట్టు ఆగింది. చున్నీ కింద ఎడమచెయ్యి ఇంకా పిడికిలి బిగించే ఉంది.

"అయ్యాకే" అన్నారు ఆయన. "ఆ గుగ్గిలం సీసా మీద అయితే ఏముందో కనపడనే కనపడట్లేదు..."

తిన్న కంచాల ముందు చెయ్యి ఎండబెట్టుకుని కూర్చుంటే అత్తయ్య ఊరుకునేది కాదు. ముందు కంచాలు తియ్యి బుజ్జమ్మా, ఆ తర్వాతే ఏదైనా, అనేది. కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఒక్కపూట కూడా నేను ఎంగిలి కంచాలు ఉంచలేదు. ఇప్పుడు నేను వెళ్ళి కంచం ముట్టుకుంటే ఆయన లేచి చెయ్యి కడుక్కుంటారు, కొట్టు గుర్తొస్తుంది. అది గదిలోకి వెళ్ళిపోతుంది.

మెతుకులు ఎండిపోతున్నాయి. నాకూ ఆకలిగా ఉంది. వంటింటి గుమ్మంలో కూలబడ్డాను. కంచాలు తీయలేదు.